అబిగయీలుది ఏ లెవెల్?

ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో, బొగ్గు లారీల దుమ్ము దాటినాక, తెల్లరేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. రొయ్యల్ని కడిగి, ఏరి, గడ్డకట్టించి ఓడలకెక్కించే ఫ్యాక్టరీ అది. అందులో ఏడో నంబరు బల్ల దగ్గర పదమూడేళ్లుగా నిలబడి పనిచేస్తున్న మనిషి అబిగయీలు. వయసు నలభై ఏడు. ఐసునీళ్లలో చెయ్యి ముంచి గుప్పెడు రొయ్యలు పైకి తీసిందంటే, తూకం ఎక్కకముందే సంగతి తెలిసిపోతుంది ఆమెకు. ఇది కిలోకు నలభై తూగే సరుకు. ఇది యాభై. ఇందులో రెండు గుంటల సరుకు కలిపేసినారు. ఇది నిన్న పట్టిందంటున్నారు గాని మొన్నటిది, పెంకు మెత్తబడింది.

ఆ చెయ్యి ఒక్కరోజులో తయారైంది కాదు. ఆమె తండ్రి హెబ్రోను వరిచేలల్లో కూలి. ఆమెకు పన్నెండేళ్లప్పుడు ఆ చుట్టుపక్కల వరిమళ్లు చెక్కేసి రొయ్యల గుంటలు తవ్వడం మొదలైంది. నాట్లు పోయినాయి, కోతలు పోయినాయి. వాటి చోట కొత్త కూలి ఒకటి వచ్చింది: ఉప్పుటేటి పాయల్లో మోకాటిలోతు నీళ్లలో వల లాగి, రొయ్యపిల్లల్ని పట్టి అమ్మడం. పిల్ల అంటే వెంట్రుక ముక్కంత. తెల్ల పింగాణీ బేసిన్లో పోసి చూస్తే రెండు కళ్లు మాత్రం నల్లగా కనిపిస్తాయి. అందులో పనికొచ్చేదేది, పారబోయాల్సిందేదని చూపుతోనే ఏరాలి. పెద్దవాళ్లు తడబడే చోట చిన్నపిల్ల అబిగయీలు తడబడేది కాదు. సమాధానం అనే అతనితో పెళ్లయింది. ఆయనది థర్మల్ ప్లాంటులో బూడిద పైపుల కాపలా. పెళ్లయినాక ఆమె పదేళ్లు హేచరీలో రొయ్యపిల్లల్ని లెక్కపెట్టింది. ఆ తర్వాత ఈ ఫ్యాక్టరీ. చేరిన రోజు గుమాస్తా రిజిస్టరు తీసి, ఆమె వైపు చూడకుండానే 'హెల్పర్' అని రాసుకున్నాడు. ఆయన దగ్గర రెండే మాటలున్నాయి మరి. మగవాడై ప్యాంటు వేసుకునుంటే సూపర్‌వైజర్, మిగతావాళ్లంతా హెల్పర్.

పేరు పెట్టడం సులువు. ఆ పేరు కింద ఉన్న పనిని తూచడం కష్టం. ఆ కష్టం ఇవాళ్టిదీ కాదు. వెనకటికి కళ్లంలో ధాన్యం రాశి పోసినప్పుడు కమ్మరికింత, వడ్రంగికింత, కావలివాడికింత అని మేరలు కొలిచేవాళ్లు. నాగలి కర్రు కాల్చేవాడి మేర గట్టుమీద కూచుని పిట్టల్ని తోలేవాడి మేరకన్నా ఎక్కువెందుకుండాలో ఊరంతా తగువులాడుకుని తేల్చుకునేది. సముద్రం మీదా అంతే. పట్టుబడి పంచేటప్పుడు పడవకో వాటా, వలకో వాటా. చుక్కాని పట్టినవాడికి ఒకటిన్నర, ఎందుకంటే అలలు విరిగేచోట అతని చెయ్యి జారితే మిగతావాళ్ల వాటాలు పంచుకోవడానికి మనుషులే మిగలరు. చదువురాని వాళ్లు ఇసకలో వేలితో గీసి తేల్చిన లెక్క అది. దాన్నే ఈ కాలంలో కంప్యూటర్లో గళ్లు గీసి తేలుస్తున్నారు, దానికి ఫీజు పుచ్చుకుంటున్నారు.

పోయిన ఏడాది మార్చిలో ఫ్యాక్టరీకి అట్లాంటి గళ్ల కాగితాలతో ఒకమ్మాయి దిగింది. పేరు వినీల. జీతాల సర్వే కంపెనీలో పని. సొంతూరు దొరవారిసత్రం. ఆ చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీలు అయిదున్నాయి, ఒక్కోచోట ఒక్కో పేరు. ఇక్కడ హెల్పర్ అనే మనిషిని ఒకచోట సార్టర్ అంటారు, ఇంకోచోట గ్రేడర్ అంటారు. పేర్లు పట్టుకుని జీతాలు పోల్చితే మేకను తెచ్చి ఎద్దు పక్కన కట్టినట్టుంటుంది. అందుకని ముందు పనిని లెవెళ్లుగా విడగొడతారు. ఆ పనికి ఎంత తెలిసుండాలి? ఎంతవరకు ఒకరిని అడక్కుండా తేల్చాలి? తప్పు జరిగితే ఎంత మునుగుతుంది? వీటిని బట్టి ఒకటి నుంచి ఆరు దాకా లెవెళ్లు. లెవెల్ తేలినాకే ఈ ఫ్యాక్టరీలో మూడుని ఆ ఫ్యాక్టరీలో మూడు పక్కన నిలబెట్టి జీతం చూస్తారు.

ఇందులో భయపడాల్సిందేమీ లేదనే అనుకున్నారు బల్లల దగ్గర ఆడవాళ్లు. ఆఫీసు మేనేజరు జయరామయ్య గారు క్యాంటీన్లో నిలబడి చివరి ముక్క చెప్పేదాకా.

"రెండో లెవెల్, ఆ పైన, కంపెనీ మనుషులు. ఒకటో లెవెల్ వాళ్లు జూన్ నెల నుంచి కాంట్రాక్టరు కింద పనిచేస్తారు."

కాంట్రాక్టరు కిందంటే అందరికీ తెలుసు. సరుకున్న రోజు ఫోను, లేని రోజు ఇల్లు. పదమూడేళ్ల సర్వీసు నీళ్లలో రాసిన రాతే.

అబిగయీలు వంతు బుధవారం వచ్చింది. గమ్‌బూట్లు విప్పి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఏసీ గదిలో కుర్చీ అంచున కూచుంది.

"మీరు మీ పనిలో సొంతంగా ఏమేం నిర్ణయిస్తారమ్మా?" అని అడిగింది వినీల.

"నాదేముందమ్మా. అందరూ చేసేదే నేనూ చేస్తా."

"కష్టమైన సరుకు వస్తే?"

"పైన సార్లుండారు గదా."

"మీకు ప్రత్యేకంగా తెలిసిన పని ఏదన్నా?"

అబిగయీలు తల వంచుకుని నవ్వింది. "నేనెంతదాన్నమ్మా. ఏదో ఆ దేవుడి కృప."

వినయంతో చెప్పిందే గాని అబద్ధం చెప్పాలని కాదు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం మందిరంలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే మనిషి ఆమె. అక్కడ 'నేను' అన్న మాట ఎంత చిన్నగా పలికితే అంత మర్యాద. జ్వరం తగ్గినా ఆయన కృప, అప్పు తీరినా ఆయన కృప. ఎదురుగా ఒక చదువుకున్న బిడ్డ కూచుని నీ గురించి చెప్పమనేసరికి, ఆమెకు అలవాటైన మాటలే నోట్లోకొచ్చినాయి. వినీల ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు గళ్లలో నింపింది. తర్వాత షెడ్డులోకి వచ్చి గంటసేపు నిలబడి చూసింది కూడా. చూస్తే కనిపించిందేంది? సూపర్‌వైజర్ పెంచలకృష్ణ బల్లల మధ్య తిరుగుతున్నాడు. ఏడో బల్ల దగ్గర వరసగా పెట్టిన ట్రేల వైపు ఒక చూపు చూసి, "ఇది పోనీ! ఇది పోనీ! ఇది ఆపండి!" అని కేకేస్తున్నాడు. ఆ కేకకు లాట్లకు లాట్లు గడ్డకట్టే గదిలోకి పోతున్నాయి, లేదా పక్కకు పోతున్నాయి. పక్కన అబిగయీలు నోరు మెదపకుండా నిలబడుంది. వినీల ఇంకో గడి నింపింది.

ఆమెకు కనిపించనిది ఒకటుంది. ఆ ఫ్యాక్టరీలో ఏడో బల్ల వాళ్లకు, సూపర్‌వైజర్లకు తప్ప ఎవరికీ తెలియనిది.

మొదట్లో ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు. అబిగయీలు చేరిన కొత్తలో లారీ వాళ్ల ముందే "సార్, ఆపండి, సరుకు మెత్తబడింది" అనేసింది. ఆయన మొహం ఎర్రబడింది. "ఆడమనిషి చెప్తే నేను ఆపాల్నా?" అని పంతానికి ఆ లాటు పంపించినాడు. మూడు నెలలు తిరిగేసరికి విదేశం నుంచి సరుకు వెనక్కొచ్చింది, ఆయన ఇంటికి పోయినాడు. తర్వాత వచ్చినాయనకు ఆ గతి పట్టకూడదని, అట్టని మనిషి మొహం పదిమందిలో ఎర్రబడకూడదని, అబిగయీలు ఒక ఏర్పాటు చేసుకుంది. లాటులోంచి గుప్పెడు తీసి చూసి, నమూనా ట్రేని బల్లమీద నిలువుగా పెడితే సరుకు మంచిది, పోనీయొచ్చు. అడ్డంగా పెడితే ఆపాలి. సూపర్‌వైజర్ వచ్చి చూసి కేకేస్తాడు. పదమూడేళ్లలో అయిదుగురు సూపర్‌వైజర్లు మారినారు. ప్రతివాడూ చేరిన వారంలోపే ట్రే చదవడం నేర్చుకున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకు నోటీసు బోర్డులో కాగితం పడింది. ఏడో బల్ల, హెల్పర్, అబిగయీలు: లెవెల్ ఒకటి. పెంచలకృష్ణ: లెవెల్ నాలుగు.

చదివి అబిగయీలు మళ్లీ బల్ల దగ్గరికి పోయింది. అడిగేందుకు ఆదిశేషమ్మ ఉంది. ఒకే బల్లమీద ఎదురెదురుగా పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి, నోరు ఉప్పు మిరపకాయ.

"మే, ఆ పిల్ల ఏమడిగింది, నువ్వేం చెప్పినావు?"

అబిగయీలు చెప్పింది.

"అయ్యో నీ మొహం మండా! అది పని గురించి అడిగితే నువ్వు సాక్ష్యం చెప్పొచ్చినావా? ఈడేమన్నా పాస్టరుగారు కూచోనున్నాడా?"

"నా నోటితో నేనే గొప్పలు చెప్పుకునేదా ఆదిశేషమ్మా?"

"చెప్పుకోబాకు. జూన్ నుంచి కాంట్రాక్టరు ఫోన్ కోసరం అరుగుమీద కూచో. ఆడ గొప్పలు చెప్పుకోకుండా ఎంతసేపైనా కూచోవచ్చు."

ఆ మాట గుచ్చుకుంది. ఇంటికి పోయి భర్త సమాధానంతో చెప్పింది. ఆయన మాటల మనిషి కాదు. కాసేపు గడ్డం గీరుకుని, "నీకు ఒకటో లెవెల్ సరేనా?" అన్నాడు.

"సరేనని కాదు..."

"అయితే పోయి అడుగు. అడగడం గర్వం కాదు గదా."

అభ్యంతరాలకు మూడు రోజులు గడువు. అబిగయీలు రెండో రోజు సాయంత్రం షిఫ్టు దిగి ఆఫీసు మెట్లెక్కింది. జయరామయ్య గారు కళ్లజోడు పైకి నెట్టి, "ఏంది అబిగయీలూ, రిజిస్టరులో హెల్పర్ అనుంది. హెల్పర్‌కు ఒకటో లెవెల్ కాక మూడో లెవెల్ ఇస్తారా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లు కాగితాలు చూసి చూసి, కాగితం వెనక మనిషి ఉంటుందన్న అనుమానం ఎప్పుడూ రాని మనిషి.

"సార్, లెవెల్ పేరుకు కాదు, పనికి," అంది పక్క టేబులు దగ్గర్నుంచి వినీల. "ఇట్ట రండమ్మా, కూచోండి."

అబిగయీలు కూచుంది. నోట్లోకొచ్చిందల్లా మళ్లీ అదే. "నాదేముందమ్మా..."

వినీల పెన్ను మూత పెట్టేసింది. "మా అవ్వ కూడా ఇంతేనమ్మా. విత్తనాల వడ్లు ఏవి దాచాల్నో ఆమెకే తెలుసు. ఎవరన్నా అడిగితే మాత్రం 'నాకేం తెలుసు, అంతా మీ తాతే' అంటది. ఆయన పోయినాక మూడేళ్లు ఏ చేన్లోనూ తప్పు విత్తనం మొలవలేదు, అప్పుడు గాని మాకు తెలిసిరాలేదు." ఆమె గొంతు తగ్గించింది. "నేను మిమ్మల్ని కొలవడం లేదు. మీ మంచితనం, మీ గొప్పతనం నాకొద్దు. ఆ చోటును కొలుస్తున్నా. రేపు మీరు రాలేదనుకోండి. ఆ చోట నిలబడేవాళ్లకు ఏమేం తెలిసుండాలి? అది చెప్పండి, చాలు."

అబిగయీలు తల ఎత్తింది. అది తన గురించి సాక్ష్యం కాదు. పని నేర్పడం. పని నేర్పమంటే ఆమెకు సిగ్గేంది?

"ముందు చెయ్యి చల్లబడాలమ్మా," అంది. "వెచ్చని చేత్తో పట్టుకుంటే మెత్త పెంకు తెలీదు. అయిదు నిమిషాలు ఐసులో పెట్టుకోవాల. తర్వాత గుప్పెడు తీసేటప్పుడు, క్రేటు పైనుంచి తీయకూడదు, పైన ఎప్పుడూ మంచివే పేరుస్తారు. అడుగున మూల నుంచి తీయాల. తల దగ్గర మెడ వదులైందా చూడాల. తోక విసనకర్ర మాదిరి విచ్చుకోకపోతే చచ్చినాక పట్టింది. వాసన ముక్కుకు కాదమ్మా, నాలిక వెనక తెలుస్తది. వర్షం పడిన మర్నాడు వచ్చే సరుకు పెంకు వదులుగా ఉంటాది, అది చెడ్డ సరుకనుకుని ఆపితే రైతు మునిగిపోతాడు. అది ఇట్ట నొక్కితే మళ్లా లేస్తది. చెడిందైతే లేవదు. ఇది నేర్వడానికి రెండేళ్లు పడతది, అంతకంటె తొందరగా వచ్చినోళ్లను నేను చూళ్లేదు..."

వినీల పెన్ను మూత ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు. మూడు పేజీలు నిండినాయి. జయరామయ్య గారు కాఫీ చల్లారిపోతున్నా తాగడం మరిచి వింటున్నాడు.

"అంతా చూసినాక ట్రే పెట్టాల. మంచిదైతే నిలువు, ఆపాల్సిందైతే అడ్డం. అప్పుడు సార్ వచ్చి కేకేస్తాడు."

వినీల ఆగింది. "ఏమన్నారు?"

అబిగయీలుకు అప్పుడు తెలిసింది తను ఏం చెప్పేసిందో. పెంచలకృష్ణ కళ్లముందు మెదిలినాడు. మంచి పిల్లోడు. అక్కా అని పిలుస్తాడు, పండక్కి స్వీటు తెస్తాడు. కానీ చెప్పిన మాట చెప్పిందే.

"ట్రే చూసి గదమ్మా ఆయన చెప్పేది," అంది మెల్లగా.

మర్నాడు వినీల పొద్దున్నే బల్ల వెనక గోడకానుకుని నిలబడింది. పెంచలకృష్ణ రాకముందే ట్రే అడ్డమా నిలువా రాసుకుంది, వచ్చినాక అతని కేక రాసుకుంది. ముప్పై ఒక్క లాట్లు. ముప్పై ఒకటీ కలిసినాయి. అయినా ఆమెకు తృప్తి కాలేదు. చూసేవాళ్లు ఇద్దరూ ఒకే సరుకు చూసి ఒకే మాట అనుకోవచ్చు గదా, అది అబిగయీలు వల్లనే అని ఎట్ట చెప్పడం? అందుకని పదకొండు గంటలకు, "అమ్మా, మీరు నాతో టీకి రండి," అని ఆమెను గాజు తలుపు అవతలికి తీసుకుపోయింది.

లాట్లు వస్తూనే ఉన్నాయి. ఆదిశేషమ్మ గుప్పెడు గుప్పెడు తీసి ట్రేల్లో పోసింది. ఏ సరుకు మంచిదో తేల్చడం తనకు రాదు, ఇంక ట్రే ఎట్ట పెట్టేది? ఆమె బుర్రలో ఏం పుట్టిందో ఏమో, ఏడు ట్రేలనూ ఐమూలగా పెట్టేసి పక్కకు జరిగింది.

పెంచలకృష్ణ వచ్చినాడు. మొదటి ట్రే చూసి నోరు తెరిచినాడు. మూసినాడు. రెండోది చూసినాడు. తల కుడికి వంచినాడు, ఎడమకు వంచినాడు. బల్లల దగ్గర నలభై మంది ఆడవాళ్ల చేతులు ఆగిపోయినాయి.

"ఏంది ఆదిశేషమ్మక్కా ఇది? ఆపాల్నా పోనియ్యాల్నా?"

"నన్నడుగుతారేంది సార్, చెప్పేది మీరు గదా! చెప్పండి, మేం చేస్తాం."

"అట్ట కాదక్కా, ట్రే ఇట్ట..."

"ట్రేకేం సార్, బాగనే ఉంది. రొయ్యల్ని చూడండి."

ఎవరో కిసుక్కుమన్నారు. అది బల్ల బల్లకూ పాకింది. బయట లారీవాడు హారను కొడుతున్నాడు, గడ్డకట్టే గది వాళ్లు తలుపు తీసి "సరుకేదీ?" అంటున్నారు. పెంచలకృష్ణ గుప్పెడు రొయ్యలు తీసి చూసి, వాసన చూసి, మళ్లీ ట్రేలో పడేసి, షెడ్డు దద్దరిల్లేటట్టు కేకపెట్టినాడు.

"అబిగయీలక్కా! యాడికి పోయినావక్కా!"

షెడ్డంతా విరగబడి నవ్వింది. గాజు తలుపు అవతల అబిగయీలు టీ గ్లాసు కింద పెట్టి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. ఒక పక్క పిల్లోడి మొహం పదిమందిలో ఎర్రబడిందే అన్న బాధ, ఇంకో పక్క పదమూడేళ్లలో మొదటిసారి ఎవరో తన పేరు పనికోసం అంత గట్టిగా పిలిచినారన్న సంబరం.

పెంచలకృష్ణ గాజు తలుపు వైపు చూసినాడు. వినీల చేతిలో కాగితాలు చూసినాడు. బొంకడానికి వీలుంది. ఆ పూట తలనొప్పి అనొచ్చు. టోపీ తీసి, తలుపు తోసుకుని వచ్చినాడు.

"మేడమ్, చెప్పేది అక్కే. నేను చేరినప్పటి నుంచీ అక్కే. ఇప్పుడు నా లెవెల్ తగ్గిస్తారా?"

"నలభై మంది షిఫ్టు నడిపేదెవరు? కరెంటు పోతే ఐసు తెప్పించేదెవరు?"

"నేనే."

"అయితే అది మీ పని. అది ఆమెకివ్వను. ఆమె పని మీకివ్వను."

తిరిగి రాసిన కాగితం జయరామయ్య గారి బల్లమీదికి పోయింది. ఆయన చదివి, "హెల్పర్‌కు లెవెల్ మూడా! నా సర్వీసులో ఇట్టాంటిది చూళ్లేదు," అన్నాడు. వినీల ఇంకో కాగితం పక్కన పెట్టింది. మిగతా నాలుగు ఫ్యాక్టరీల్లో ఇదే పని చేసేవాళ్లు. పేర్లు నాలుగు రకాలు, లెవెల్ ఒక్కటే, మూడు. వాళ్లందరి జీతం అబిగయీలుకన్నా తొమ్మిది వేలు పైన. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసినాడు. ఆ తర్వాత పాత రిజిస్టరు తెప్పించి, 'హెల్పర్' అన్న మాట మీద ఎర్ర సిరాతో గీత గీసి, పైన 'లాట్ గ్రేడర్' అని తన చేత్తోనే రాసినాడు. అబిగయీలును పిలిపించి, "ఇదిగో, చూసుకో," అని రిజిస్టరు ఆమె వైపు తిప్పినాడు.

కొత్త జీతం మే నెల నుంచే వచ్చింది. ఇప్పుడు లాట్ చీటీ మీద సరుకు తేల్చినవాళ్ల సంతకం గడిలో అబిగయీలు పేరుంటుంది. పెంచలకృష్ణ చీటీ చదివి కేకేస్తాడు. అతని గొంతు అంతే పెద్దది, దాని లెవెల్ మాత్రం ఎవరూ తగ్గించలేదు.

అసలు పండగ ఆ తర్వాత మొదలైంది. రిజిస్టరు దిద్దినాక వచ్చిన మొదటి ఆదివారం, ప్రార్థన అయినాక మందిరం వసారాలో ఆమె చుట్టూ ఆడవాళ్లు మూగినారు. ఒకామె నీళ్లలో క్లోరిన్ కలిపే చోట పనిచేస్తుంది. ఇంకొకామె ప్యాకింగు తూకం దగ్గర. ఇద్దరు పక్క ఫ్యాక్టరీ వాళ్లు. అందరికీ ఒకటో లెవెలే.

"అక్కా, ఆ మేడమ్‌కు నువ్వేం చెప్పినావు? మాకూ చెప్పు."

"నేను చెప్పేదేముంది," అని ఆగి, తనకే నవ్వొచ్చి, వసారా గట్టుమీద చతికిలబడింది. "రండి, ఒక్కొక్కరే. అంకాలమ్మా, ముందు నువ్వు. రేపు నువ్వు రాలేదనుకో. నీ చోట ఎవరో కొత్తమ్మాయి నిలబడింది. ఆ పిల్ల ఏం తప్పు చేస్తది, దాంతో ఎంత సరుకు పోతాది? అది చెప్పు."

"క్లోరిన్ ఎక్కువైతే మాంసం తెల్లబడి..." అని మొదలుపెట్టింది అంకాలమ్మ. నోటినిండా అరగంట చెప్పింది. అంత తెలుసని ఆమెకే తెలియనట్టు, చివర్లో బిత్తరపోయి చుట్టూ చూసింది.

జూన్ రాకముందే కంపెనీ ఇంకో విడత అభ్యంతరాలు వింటామంది. ఆ రోజున కంపెనీ బస్సు ఆగగానే ఆఫీసు మెట్లమీద పదకొండు మంది ఆడవాళ్లు బారు తీరినారు, ముందు అబిగయీలు. జయరామయ్య గారు గుమ్మంలోకి వచ్చి లెక్కపెట్టుకుని, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇంతమందా? యాడ కూచోబెట్టేది?"

"మేం నిలబడే పనిచేసేవాళ్లం సార్," అంది అబిగయీలు. "నిలబడే చెప్తాం. రాసుకునేవాళ్లను కూచోమనండి."

ఆ రోజు సాయంత్రానికి పదకొండు మందిలో తొమ్మిది మంది లెవెల్ మారింది. మిగిలిన ఇద్దరిదీ మళ్లీ చూస్తామన్నారు. అబిగయీలు వాళ్లిద్దర్నీ బస్సులో తన పక్కనే కూచోబెట్టుకుని, ముత్తుకూరు వచ్చేదాకా ప్రశ్నలడుగుతూనే ఉంది.